పెరటి ప్రశ్నలు: అరకిలో టమాటా మన దొడ్లో ఎప్పుడు పండుతుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బీఫ్‌స్టీక్ టమాటా గురించే. ఒక్కో కాయ 300 నుంచి 700 గ్రాముల దాకా తూగే పెద్ద రకాలివి. కోస్తే లోపల గింజ, జిగురు తక్కువ, కండ ఎక్కువ. వీటిలో హెయిర్‌లూమ్ అనేవి సంకరం చేయని పాత రకాలు. దాచుకున్న గింజ నుంచి మళ్లీ అదే కాయ వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకుల ప్రశ్నలకు జవాబులు ఇవి.

ప్రశ్న: జూన్‌లో తొలకరి పడగానే బ్రాండీవైన్ అనే బీఫ్‌స్టీక్ రకం విత్తనం వేశాను. మొక్క నా భుజం దాకా ఎదిగింది. ఆకు నిగనిగలాడుతోంది, పూత కూడా బాగానే వచ్చింది. కానీ వచ్చిన పువ్వు వచ్చినట్టే మెడ దగ్గర పసుపెక్కి రాలిపోతోంది. ఒక్క పిందె నిలవలేదు. పక్కనే ఉన్న నాటు మొక్క మాత్రం కాసింది. ఎరువులో లోపమా? – ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: లోపం ఎరువులో లేదండీ, వేసిన నెలలో ఉంది. టమాటా పువ్వు పిందె కట్టాలంటే రాత్రి 15 నుంచి 21 డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి. పగలు 32, రాత్రి 22 దాటేకొద్దీ పుప్పొడి చచ్చుబడుతుంది. పుప్పొడి పడని పువ్వును మొక్క మెడ దగ్గరే తెంపేసుకుంటుంది. మీరు చూసిన పసుపు మెడ అదే. చిన్న కాయల నాటు రకాలు ఆ వేడిని కొంత ఓర్చుకుంటాయి, పెద్ద కాయల రకాలు ఓర్చుకోలేవు. జూన్‌లో వేసిన మొక్క ఆగస్టు, సెప్టెంబర్లలో పూస్తుంది. అప్పుడు మన రాత్రులు 25 డిగ్రీల దగ్గర ఉంటాయి. పైగా ముసురు. పుప్పొడి తడిసి ముద్దయితే రాలనే రాలదు.

కాబట్టి లెక్క వెనక నుంచి వేయాలి. మన కోస్తాలో రాత్రులు నిజంగా చల్లబడేది డిసెంబర్, జనవరి నెలల్లో. ఫిబ్రవరి మధ్య నుంచి మళ్లీ వేడెక్కుతాయి. పూత ఆ రెండు నెలల్లో పడాలి. నాటిన 35, 40 రోజులకు తొలి పూత వస్తుంది గనుక నాట్లు నవంబర్ మొదటి పది రోజుల్లో పూర్తవ్వాలి. నారుకు నెల రోజులు కావాలి గనుక విత్తనం అక్టోబర్ మొదటి వారంలో పడాలి. పండగల లెక్కలో చెప్పాలంటే పైడితల్లమ్మ సిరిమాను నాటికి నారు మొలిచి ఉండాలి, నాగుల చవితి అటూ ఇటూగా మొక్క నేలలో పడాలి, సంక్రాంతికి పిందె కనపడాలి, శివరాత్రికి పండు కొయ్యాలి. పండగలు ఏటా కాస్త జరుగుతాయి, తేదీలనే నమ్ముకోండి.

ఇంకా ముందే నాటేద్దామని తొందర పడకండి. మన తీరానికి పెద్ద తుపానులు వచ్చిన తేదీలు ఒకసారి చూడండి: ఫైలిన్ 2013 అక్టోబర్ 12, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, తిత్లీ 2018 అక్టోబర్ 11. ఆ వారంలో నారు ట్రేలో ఉంటే వరండాలోకి లాక్కోవచ్చు. కర్రలు కట్టిన మొక్కను ఎక్కడికీ తీసుకుపోలేం.

పూత వేళ ఇంకో చిన్న పని. టమాటా పువ్వు తనకు తానే ఫలించేదే, కానీ పుప్పొడి రాలాలంటే గొట్టం లాంటి ఆ పసుపు భాగం అదరాలి. తేనెటీగలకు ఆ విద్య రాదు. రెక్కల కండరాలు అదిలించే తుమ్మెదల్లాంటి అడవి ఈగలు రావాలి, లేదా గాలి వీయాలి. గోడల మధ్య పెరట్లో రెండూ తక్కువే. మంచు ఆరిన తర్వాత, ఉదయం తొమ్మిదింటి నుంచి పదకొండింటి లోపు పూగుత్తి కాడ వెనక బ్యాటరీ టూత్‌బ్రష్ రెండు మూడు సెకన్లు ఆనించండి. అది లేకపోతే కర్రను వేలితో నాలుగైదు సార్లు తట్టినా చాలు.

ప్రశ్న: మేడ మీద గ్రో బ్యాగుల్లో వేద్దామనుకుంటున్నాను. ఎంత సంచి కావాలి? మట్టి ఏం కలపాలి? కవిటి వైపు నుంచి కొబ్బరి పొట్టు చవగ్గా తెప్పించుకోవచ్చు. – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మామూలు టమాటాకు సరిపోయే 12 అంగుళాల సంచి దీనికి చాలదు. ఎదిగిన మొక్క ఎండ పూట తాగే నీటిని ఆ మట్టి పట్టి ఉంచలేదు. కనీసం 15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల లోతు ఉన్నది తీసుకోండి. దాదాపు 40 లీటర్లు పడుతుంది. తడిస్తే 40 కిలోల పైనే బరువు తూగుతుంది కాబట్టి స్లాబు మధ్యలో పెట్టకండి. కింద గోడ గానీ దూలం గానీ ఉన్న వరసలో పెట్టండి. ఒక సంచికి ఒకే మొక్క. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ తగలాలి.

కలపవలసినవి: ఎర్రమట్టి రెండు వంతులు, బాగా చివికిన పశువుల గెత్తం గానీ వర్మీ కంపోస్టు గానీ ఒక వంతు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక వంతు. సంచికి 100 గ్రాముల వేపపిండి, 50 గ్రాముల ఎముకల పొడి. గెత్తం పట్టుకుంటే వెచ్చగా ఉన్నా, పేడ వాసన వస్తున్నా ఇంకా చివకలేదని అర్థం. అది వేళ్లను మాడ్చేస్తుంది.

కడిగిన పొట్టు అన్నది గమనించండి. అసలు తంటా అక్కడే. తీరం వైపు పీచును నానబెట్టే నీటిలోనూ, కొబ్బరి పీచులోనూ ఉప్పు ఉంటుంది. ఆ పొట్టు అలాగే కలిపితే మొక్క మొదటి నెల నుంచే ఆకు అంచులు మాడ్చుకుంటుంది. పొట్టును తొట్టిలో నానబెట్టి, పిండి, నీరు పారబోయండి. అలా మూడు నాలుగు సార్లు, టీ డికాషన్ రంగు నీరు తేటపడే దాకా. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఉంటే ఆఖరి నీరు 500 లోపు చూపాలి. తర్వాత 20 లీటర్ల నీటిలో 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ కరిగించి, అందులో ఒక రాత్రి నానబెట్టి ఇంకోసారి కడగండి. పొట్టు పట్టుకుని ఉన్న సోడియం, పొటాష్ వదిలి ఆ చోట కాల్షియం చేరుతుంది. ఈ పని ఎగ్గొట్టినవాళ్లే తర్వాత కాయ అడుగు నల్లబడిందని రాస్తారు. దాని సంగతి టెక్కలి పాఠకురాలి ప్రశ్న దగ్గర చెబుతాం.

ప్రశ్న: ఏ రకం మంచిది? ఆన్‌లైన్‌లో కొన్న ప్యాకెట్ మీద బీఫ్‌స్టీక్ అని ఉంది కానీ హెయిర్‌లూమ్ అవునో కాదో తెలియడం లేదు. – ఒక పాఠకుడు, నెల్లిమర్ల

జవాబు: ప్యాకెట్ వెనక చూడండి. ఎఫ్1 అని ఉంటే సంకరం. బీఫ్‌స్టీక్ అన్నది కాయ తీరుకు పేరే తప్ప ఒక రకం కాదు. ఆ తీరులో సంకరాలూ ఉన్నాయి. అవి చెడ్డవేం కావు, తెగుళ్లను బాగానే తట్టుకుంటాయి, కాకపోతే వాటి గింజ దాచి వేస్తే మొక్కకో తీరు కాస్తుంది.

మనకు దొరికేది చిన్న చలికాలం గనుక త్వరగా కాసే రకమే తెలివైన ఎంపిక. క్రిమియా నుంచి వచ్చిన బ్లాక్ క్రిమ్ నాటిన 70 నుంచి 80 రోజులకు పండుతుంది. చెరోకీ పర్పుల్ 80 రోజుల రకం. అమెరికాలో టెన్నెస్సీ నుంచి 1990లో ఒక విత్తన సేకర్తకు చేరి, అక్కడి నుంచి లోకమంతా పాకింది. ముదురు గులాబీ రంగు, భుజాల దగ్గర ఆకుపచ్చ చాయ, ఉప్పు తీపి కలిసిన రుచి. మొదటిసారి వేసేవారికి మా ఓటు దీనికే. బ్రాండీవైన్ రుచిలో గొప్పదే గానీ 90 రోజులు దాటుతుంది, పిందె కూడా తక్కువ కడుతుంది. మార్ట్‌గేజ్ లిఫ్టర్ పేరు వెనక కథ సరదాగా ఉంటుంది. వెస్ట్ వర్జీనియాలో ఒక రేడియేటర్ మెకానిక్ 1940లలో దీని నారు మొక్క డాలరు చొప్పున అమ్మి ఇంటి అప్పు తీర్చాడట. కాయ పెద్దది, కాలం కూడా పెద్దదే. రెండో ఏడాది చూసుకోండి.

మొక్కకు పది కాయలు వస్తే మన చోట మంచి పంట కిందే లెక్క. ఇంటి కూరకు ఇవి ఆధారం కావు. పక్కన అర్క వికాస్ లాంటి సూటి (సంకరం కాని) రకమో, మీ ఊరి నాటు టమాటానో రెండు మొక్కలు ఉంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి జనవరిలో వస్తున్నాడు. నాలుగు రకాల విత్తనాలు జేబులో వేసుకుని తెమ్మనవచ్చా? – ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: వద్దమ్మా. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశపు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనం తేకూడదు. ఇది ఊరికే కాగితాల గొడవ కాదు. 2014లో ఇజ్రాయెల్‌లో బయటపడిన టమాటా బ్రౌన్ రుగోస్ వైరస్ గింజ మీదే ప్రయాణం చేసి చాలా దేశాలకు చేరింది. జేబులో వచ్చే గింజను ఎవరూ పరీక్షించరు. పైన చెప్పిన రకాలు మన దేశంలోని విత్తన అమ్మకందారుల దగ్గరే దొరుకుతున్నాయి. ఎలాగూ జనవరిలో తెచ్చిన గింజకు మన దగ్గర ఈ ఏటికి కాలం దాటిపోయింది.

ప్రశ్న: నిన్న సాయంత్రం దాకా బాగున్న మొక్క తెల్లారేసరికి పచ్చగానే వాలిపోయింది. నీళ్లు పోసినా లేవలేదు. మూడు రోజుల్లో పక్కది కూడా పోయింది. పోయినేడు అదే మడిలో వంకాయ వేశాం. – ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ఆకు పసుపెక్కకుండా పచ్చగానే వాలిందంటే బాక్టీరియా ఎండు తెగులు అని ముందు అనుమానించాలి. నిర్ధారణ ఇంట్లోనే చేసుకోవచ్చు. వాలిన మొక్క కాండాన్ని నేలకు దగ్గరగా కోసి, రెండంగుళాల ముక్క తీసుకోండి. గాజు గ్లాసులో తేట నీరు పోసి, ముక్క కింది కొస నీటిలో మునిగేలా దారంతో వేలాడదీయండి. కదిలించకండి. రెండు నుంచి ఐదు నిమిషాల్లో కోసిన చోటి నుంచి పాలదారాల్లాంటి తెల్లటి పోగులు కిందికి జారితే తెగులు అదే. పోగులు రాకుండా, కాండం చీల్చితే లోపల గోధుమ గీతలు మాత్రం ఉండి, కింది ఆకులు ఒక పక్క నుంచి ముందు పసుపెక్కి ఉంటే ఫ్యుజేరియం వడలు తెగులు. వేళ్లు పీకి చూస్తే ముడులు ముడులుగా బుడిపెలు ఉంటే నులిపురుగు. ఇసుక నేలల్లో, ఉద్దానం వైపు ఇదే ఎక్కువ.

బాక్టీరియా తెగులైతే వాలిన మొక్కను బతికించే మందు లేదు. యాంటీబయాటిక్ పొడులు పోయించే దుకాణాలున్నాయి, డబ్బు దండగ. మొక్కను వేళ్లతో, చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి కాల్చేయండి. ఆ గొయ్యిలో వాడిన పార, కత్తి బ్లీచింగ్ నీళ్లలో కడగండి. ఆ మడి నుంచి పక్క మడికి నీరు పారనివ్వకండి. ఇది నీటి వెంటే నడుస్తుంది. వంగ, మిరప, బంగాళాదుంప, టమాటా నాలుగూ దీనికి ఒకే ఇల్లు. మూడేళ్లు అక్కడ మొక్కజొన్న గానీ, బెండ, చిక్కుడు, గోగు గానీ వేసుకోండి. విజయనగరం జిల్లా ఎర్రనేలలు చాలాచోట్ల ఆమ్లం వైపు ఉంటాయి, ఆమ్ల నేలలో ఈ తెగులు రెచ్చిపోతుంది. భూసార పరీక్షలో ఉదజని సూచిక (పీహెచ్) 6 కన్నా తక్కువ వస్తే చదరపు మీటరుకు 150 గ్రాముల చొప్పున వ్యవసాయ సున్నం నాట్లకు నెల ముందు కలపండి.

పాత రకాలేవీ దీన్ని తట్టుకోలేవు. అర్క రక్షక్ లాంటి సంకరాలు తట్టుకుంటాయి గానీ మీరు అడిగేది ఆ కాయ కాదు. మూడేళ్లు ఆగలేకపోతే ఉన్న దారి అంటు. ఎండు తెగులును తట్టుకునే వంగ వేరు మీద టమాటా తల కట్టడం. ఏ వంగైనా పనికిరాదు, మామూలు వంగ కూడా ఇదే తెగులుకు పోతుంది. ప్రపంచ కూరగాయల కేంద్రం ఇందుకోసం సూచించిన ఈజీ 203 లాంటి రకం కావాలి. వంగ నెమ్మదిగా పెరుగుతుంది గనుక వారం ముందు విత్తుకోండి. రెండు నారుల కాండం రెండు మిల్లీమీటర్ల లావు ఉన్నప్పుడు, రెండింటినీ కొత్త బ్లేడుతో ఒకే వాలుగా కోసి, కోతలు ముఖాముఖి అతికేలా సన్నటి రబ్బరు గొట్టమో, అంటు క్లిప్పో తొడగండి. నాలుగు రోజులు చీకటిగా, తేమగా ఉన్న పాలిథిన్ గూట్లో ఉంచి, ఆ తర్వాత వారం రోజుల్లో కొంచెం కొంచెంగా వెలుగు పెంచాలి. గూట్లో నీటిని గోడల మీద చల్లండి, అతుకు మీద పడకూడదు. సగం మొక్కలు పోయినా ఆశ్చర్యం లేదు, రెట్టింపు కట్టుకోండి.

ఒక్క హెచ్చరిక. మామూలు టమాటా నారును తొలి ఆకుల దాకా లోతుగా పాతమంటాం, ఎందుకంటే పాతిన కాండం నుంచి కూడా వేళ్లు వస్తాయి. అంటు మొక్కను అలా పాతకూడదు. అతుకు మట్టికి మూడు నాలుగు అంగుళాల పైన ఉండాలి. మట్టి తగిలితే టమాటా భాగం తన వేళ్లు తాను దింపుతుంది, ఆ వేళ్ల గుండా తెగులు మళ్లీ లోపలికి వస్తుంది. పడిన శ్రమంతా పోతుంది.

ప్రశ్న: కర్రలు ఎంత ఎత్తు పాతాలి? పిలకలు తీసేయాలని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. – ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ఇవి ఎదుగుదల ఆగని రకాలు. ఎనిమిదడుగుల సరుగుడు బాదు తీసుకుని అడుగున్నర నేలలో దించండి. వెదురైతే లావుది చూడండి, రెండు గుత్తులు ఊరితే సన్న వెదురు వంగిపోతుంది. కర్రను మొక్క నాటిన రోజే పాతాలి, తర్వాత పాతితే వేళ్లు తెగుతాయి. కట్టడానికి మన గోగునార పురి మేలు, ప్లాస్టిక్ తాడు కాండాన్ని కోసేస్తుంది. కర్రకు బిగించి, కాండం చుట్టూ వేలు దూరేంత వదులుగా, మధ్యలో ఒక మెలిక వచ్చేలా అడుగుకొక కట్టు వేయండి. మొక్కకూ మొక్కకూ మూడడుగులు, వరసకూ వరసకూ నాలుగడుగులు.

పిలకల విషయంలో మన గాలిలో తేమ చూసుకుని తీర్పు చెప్పాలి. రెండు కాండాలు ఉంచండి: ఒకటి మొదటిది, రెండోది తొలి పూగుత్తికి సరిగ్గా కింద వచ్చే బలమైన పిలక. మిగతావి వేలెడు పొడవు దాటక ముందే ఉదయం పూట వేళ్లతో తుంచేయండి. ఒకే కాండం ఉంచితే ఆకు తక్కువై మార్చి ఎండకు కాయ భుజాల మీద తెల్లటి మచ్చలు పడి కాలిపోతాయి. అన్నీ వదిలేస్తే లోపల గాలి ఆడక ఆకుమాడు తెగులు, ఆ ఆకు మీది ఉంగరాల మచ్చలు, కింది నుంచి పైకి ఎక్కుతాయి. తొలి గుత్తి పిందెలు నిమ్మకాయంత అయ్యాక దాని కింది ఆకులన్నీ తీసేయండి, నేల మీద రెండు మూడంగుళాల ఎండుగడ్డి పరవండి. వాన చినుకు మట్టిని ఆకు మీదికి చిమ్మకపోతే ఆ తెగులు సగం తగ్గినట్టే. మచ్చలు కనపడితే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్.

గుత్తికి రెండు, మహా అయితే మూడు కాయలు ఉంచి మిగతా పిందెలు తీసేయండి. చేతులు రావు, నిజమే. ఐదు ఉంచితే ఐదూ నాటు టమాటా అంతే అవుతాయి. ఫిబ్రవరి 10, 15 తేదీల మధ్య రెండు కాండాల తలలూ తుంచేయండి. ఆ తర్వాత పూసే పువ్వు ఎలాగూ నిలవదు, ఆ బలం ఉన్న కాయలకు పోనివ్వండి.

ప్రశ్న: కాయ సగం ఊరాక అడుగున నల్లటి, తోలు లాంటి మచ్చ వచ్చి లోపలికి నొక్కుకుపోతోంది. కాల్షియం లోపమని చెప్పారు. గుడ్డు పెంకులు వేశాను, తగ్గలేదు. మా బావి నీరు కొంచెం ఉప్పదనం. – ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: లోపం కాల్షియానిదే, కానీ చాలాసార్లు అది మట్టిలో ఉంటుంది, కాయకు మాత్రం చేరదు. కాల్షియం నీటితో పాటే కదులుతుంది. ఆకు నీటిని ఎక్కువగా ఆవిరి చేస్తుంది గనుక నీరంతా అటు పోతుంది. కాయ అడుగు అన్నిటికన్నా చివర. రెండు రోజులు మట్టి ఎండి, మూడో రోజు కుండ నిండా పోస్తే ఆ మధ్యలో కాయ అడుగున కణాలు చచ్చిపోతాయి. మచ్చ బయటపడేది వారం తర్వాత. కాయ ఎంత పెద్దదైతే బాధ అంత ఎక్కువ. గుడ్డు పెంకు కరగడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది, ఈ పంటకు అది అందదు.

చేయవలసింది నీటిని సమంగా ఇవ్వడం. సంచిలో ఎదిగిన మొక్కకు రోజుకు రెండు మూడు లీటర్లు, ఎండ ముదిరితే ఉదయం సగం, సాయంత్రం సగం. నేలలో అయితే రెండు రోజులకొకసారి ఐదారు లీటర్లు. వేలు రెండు కణుపులు దించి చూడండి, అక్కడ తడి ఎప్పుడూ ఉండాలి, బురద ఉండకూడదు. ఎండుగడ్డి పరుపు తప్పదు. పిందె పడ్డాక యూరియా ఆపేయండి, అది ఆకును పెంచి కాల్షియంతో పోటీ పడుతుంది. మచ్చ పడిన కాయలు తీసేసి, లీటరుకు 3 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి మొక్క మొదలు దగ్గర లీటరు చొప్పున పది రోజులకొకసారి మూడు సార్లు పోయండి. ఆకు మీద కొట్టింది ఆకులోనే ఉండిపోతుంది, కాయకు దిగదు.

మీ బావి నీటి ఉప్పదనం కూడా ఇదే పని చేస్తుంది, ఉప్పు వేరును నీరు తాగనివ్వదు. నీటిని పరీక్షకు ఇవ్వండి. ఉప్పును తెలిపే విద్యుత్ వాహకత మీటరుకు 1.7 డెసీసీమెన్స్ దాటితే టమాటా దిగుబడి తగ్గడం మొదలవుతుంది. దాటితే ఆ నీటిలో సగం వాన నీరో, కుళాయి నీరో కలిపి పోయండి. సంచుల్లో అయితే పదిహేను రోజులకొకసారి మంచినీరు అడుగు నుంచి బాగా కారే దాకా పోసి, పేరుకున్న ఉప్పును కడిగేయండి.

ప్రశ్న: ఆకులు ముడుచుకుంటున్నాయి. వైరస్ అని పీకేయమంటున్నారు. పీకాలా? – ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: ముందు ఏ ఆకులో చూడండి. కింది పెద్ద ఆకులు గొట్టంలా పైకి చుట్టుకుని, మందంగా, పచ్చగానే ఉండి, కొత్త చిగురు మామూలుగా ఉంటే అది ఎండకో, పిలకలు ఒక్కసారిగా తీసినందుకో మొక్క చేసే పని. హాని లేదు. చిగురే ముడుచుకుని, ఆకు చిన్నదై, అంచు పసుపెక్కి, మొక్క ఎదుగుదల ఆగిపోతే ఆకుముడత వైరస్, తెల్లదోమ తెచ్చింది. చిగురాకు పీచులా సన్నగా సాగితే అది వైరస్ కాకపోవచ్చు. దగ్గరలో వరి చేలో కొట్టిన 2,4-డి కలుపు మందు గాలికి వచ్చిందేమో ఆరా తీయండి.

వైరసే అయితే పీకాలి. పూతకు ముందు సోకిన మొక్క కాయదు, పక్క మొక్కలకు అంటిస్తుంది. పీకే ముందు మీద సబ్బు నీళ్లు చల్లండి, లేకపోతే మీరు కదపగానే దోమ లేచి పక్క మొక్క ఎక్కుతుంది. అసలు కాపలా నారులోనే ఉంది. ట్రే మీద 50 మెష్ నైలాన్ వల, సందు లేకుండా, మొలక నుంచి నాటే రోజు దాకా. నాటాక నెల రోజులు మొక్కల ఎత్తులో పసుపు జిగురు అట్టలు, వారానికొకసారి లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి ఆకు అడుగు తడిసేలా సాయంత్రం పూట. దోమ ఉండేది అడుగునే.

ప్రశ్న: కాయ అతుకులు పడి, మధ్యలో గోధుమ గీతలతో వంకరగా వచ్చింది. ఇంకొకటి కాడ చుట్టూ పగిలింది. తినవచ్చా? – ఒక పాఠకురాలు, పలాస

జవాబు: నిక్షేపంగా. వంకర కాయ ఎక్కడి నుంచి వస్తుందంటే, తొలి గుత్తిలో రెండు మూడు పువ్వులు కలిసిపోయి పొద్దుతిరుగుడులా పెద్ద పువ్వు ఒకటి పూస్తుంది. అది ఈ రకాల లక్షణం. చూడగానే తుంచేస్తే తర్వాతి పువ్వులు మామూలుగా వస్తాయి. పగలడం మాత్రం నీటి వల్లే: పండబోయే కాయ మీద ఎండిన మట్టికి ఒక్కసారి వాన పడితే లోపలి కండ ఉబ్బి తోలు చిరుగుతుంది. పగిలినది ఆ రోజే కోసి వాడేయండి, పగుల్లోకి ఈగ గుడ్లు పెడుతుంది.

ప్రశ్న: ఎప్పుడు కొయ్యాలి? ఉడుతలు మిగలనివ్వడం లేదు. మా అత్తగారు రామ్ములక్కాయలతో (నాటు టమాటాలతో) పెట్టే నిలవ పచ్చడికి ఇవి పనికొస్తాయా? – ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: అడుగున తొలి గులాబీ చార కనపడగానే కోసేయండి. అప్పటికి కాయకు మొక్క నుంచి రావలసింది వచ్చేసింది. కాడ కిందికి ఉండేలా, ఒకదాన్నొకటి తగలకుండా, నీడలో బుట్టలో పెడితే నాలుగైదు రోజుల్లో పండుతుంది. ఉడుతకు ఇంకా వాసన తగలదు. మార్చిలో ఇంట్లో పండించడమే మేలు కూడా, 30 డిగ్రీలు దాటితే ఎరుపు సరిగా పట్టక భుజాలు పసుపుగానే ఉండిపోతాయి. నలుపు చాయ రకాల భుజం పండినా పచ్చగానే ఉంటుంది, దానికోసం ఎదురు చూడకండి, అడుగు నొక్కితే మెత్తబడాలి. ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి వాసన పోతుంది.

నిలవ పచ్చడికి వద్దు. టమాటాలో పులుపు ఉండేది ఎక్కువగా గింజల చుట్టూ ఉన్న జిగురులో. వీటిలో అది తక్కువ. పులుపు చాలకపోతే పచ్చడి నిలవదు, కండ మందం గనుక ఎండబెట్టినా లోపల తడి మిగిలి బూజు పడుతుంది. పెట్టే తీరాలంటే సన్నటి చక్రాలు కోసి ఎండబెట్టి, మామూలు కన్నా చింతపండు ఎక్కువే వేసుకోండి. చారుకూ, పచ్చడికీ అత్తగారి రామ్ములక్కాయే రాణి. దీన్ని పచ్చిగా, వేలెడు మందం చక్రం కోసి ఉప్పు, మిరియం చల్లుకుని తినాలి.

ప్రశ్న: గింజ ఎలా దాచాలి? – ఒక పాఠకుడు, శృంగవరపుకోట

జవాబు: కాయను చూసి కాకుండా మొక్కను చూసి ఎంచుకోండి. ముడత, వడలు సోకని మొక్క మీద, మొగ్గ విప్పక ముందే ఒక గుత్తికి పల్చటి గుడ్డ సంచి కట్టండి. బ్రాండీవైన్ లాంటి బంగాళాదుంప ఆకు రకాల్లో కీలాగ్రం (పువ్వులో పుప్పొడి అందుకునే కొన) బయటికి పొడుచుకు వస్తుంది, పక్క రకం పుప్పొడి పడే వీలు ఎక్కువ. గుడ్డ మీదనే తట్టి అదిలించండి, పిందె పడ్డాక సంచి తీసి ఆ గుత్తికి రంగు దారం కట్టండి.

ఈ కాయను మాత్రం మొక్క మీదే బాగా పండనివ్వాలి. గింజల్ని జిగురుతో సహా గాజు సీసాలోకి పిండి, అరగ్లాసు నీరు కలిపి గుడ్డ మూసి ఉంచండి. మొలకను ఆపే గుణం ఆ జిగురులోనే ఉంది, పులిస్తే అది విడిపోతుంది. చల్లటి దేశాల వాళ్లు నాలుగైదు రోజులు రాస్తారు, మన వేడికి రెండు రోజులు చాలు, మూడో రోజు దాటితే సీసాలోనే మొలకెత్తుతాయి. మీద తెట్టు కట్టాక నీరు పోసి కలియబెట్టి తేలినవి పారబోయండి, మునిగిన గింజలే గట్టివి. నాలుగైదు నీళ్లలో కడిగి స్టీలు పళ్లెంలో పల్చగా పరిచి ఫ్యాను గాలికి, నీడలో ఆరబెట్టండి. కాగితం మీద వేస్తే అంటుకుపోతాయి. రోజుకు రెండుసార్లు వేళ్లతో విడదీస్తూ వారం ఆరాక, గింజను వంచితే విరగాలి, వంగకూడదు. చిన్న సీసాలో సిలికా జెల్ పొట్లంతో వేసి, రకం పేరు, ఏడాది రాసి ఫ్రిజ్ తలుపులో పెట్టండి. నాలుగేళ్లు మొలుస్తాయి.

సెప్టెంబర్ మూడో వారంలో పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూసుకోండి. ఎనిమిది రోజుల్లో ఏడు మొలిస్తే అదే గింజ వేయండి. అయిదు కూడా రాకపోతే కొత్తది తెప్పించుకోవడానికి అక్టోబర్ మొదటి వారం దాకా ఇంకా వ్యవధి ఉంటుంది.